సైగను మాటగా మార్చే యాప్‌ వస్తే బధిరుల కష్టం తీరినట్టేనా?

చేతికి నల్లటి గ్లోవ్‌. వేళ్ల వెంబడి సన్నటి వైర్లు. ఒక విద్యార్థి చెయ్యి ఎత్తి సైగ చేస్తాడు. పక్కనున్న ఫోన్‌లోంచి ‘నాకు మంచినీళ్లు కావాలి’ అని గొంతు వినిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఇలాంటి వీడియో మీ ఫోన్‌లోనూ ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటుంది. ఏదో ఒక కాలేజీ ప్రాజెక్టు ప్రదర్శన గురించి ఇలాంటి ప్రెస్‌నోట్లు మా డెస్క్‌కూ వస్తూనే ఉంటాయి. ‘ఇక బధిరుల సమస్యకు చెక్‌’ అని హెడ్డింగ్‌ పెట్టేయడం మాకూ తేలికే.

ఇప్పుడు ఇంకో దృశ్యం ఊహించుకోండి. ప్రభుత్వాసుపత్రి ఓపీ విభాగం. వినపడని, మాట్లాడలేని ఒక తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని వచ్చింది. డాక్టర్‌ ముందు తన ఫోన్‌ పెట్టి సైగలు చేసింది. యాప్‌ చక్కగానే పలికింది: ‘మూడు రోజులుగా జ్వరం.’ డాక్టర్‌ తలూపి, మాస్క్‌ తీయకుండానే చీటీ రాస్తూ నాలుగు మాటలు చెప్పారు. ఏ మందు ఎప్పుడు వేయాలి, ఏది వేయకూడదు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి అన్నవి ఆ నాలుగు మాటలు. ఆమెకు ఒక్క ముక్కా అందలేదు. యాప్‌ తన పని తాను చేసింది. డాక్టర్‌కు ఆమె మాట అర్థమైంది. ఆమెకు మాత్రం వైద్యం సగమే అందింది.

ఈ రెండు దృశ్యాల మధ్య ఉన్న దూరం గురించే ఈ కథనం. సైగలను మాటగా మార్చే టెక్నాలజీ ఎంతవరకు వచ్చింది? ఎక్కడ తడబడుతోంది? రేపు మీ బ్యాంకులోనో, కలెక్టరేట్‌లోనో ‘బధిరుల కోసం ఏఐ యాప్‌’ అని బోర్డు పెడితే దాన్ని ఎలా చూడాలి?

ఇది ఎంతమందికి సంబంధించిన విషయం?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. వారిలో వినికిడి లోపం ఉన్నవారు దాదాపు 50.7 లక్షలు. మాట్లాడలేకపోవడాన్ని వైకల్యంగా నమోదు చేసుకున్నవారు దాదాపు 20 లక్షలు. ఆ తర్వాత కొత్త జనాభా లెక్కలు బయటకు రాలేదు కాబట్టి ప్రభుత్వ పథకాలన్నింటికీ నేటికీ ఇవే అంకెలు ఆధారం.

వీళ్లందరికీ సైగల భాష వస్తుందనుకోవద్దు. వయసు మీద పడ్డాక వినికిడి తగ్గినవారికి ఆ అవసరం రాదు. చిన్నప్పుడే కాక్లియర్‌ ఇంప్లాంట్‌ చేయించుకున్న పిల్లలు మాటలు నేర్చుకోవచ్చు. పల్లెల్లో బడి మొహం చూడని బధిరులు ఇంట్లోవాళ్లకు మాత్రమే అర్థమయ్యే సొంత సైగలతో నెట్టుకొస్తారు. మిగిలినవారికి సంజ్ఞా భాషే మొదటి భాష. మీకు తెలుగు ఎలాగో, వాళ్లకు అది అలాగ.

వీరికి, వినేవారికి మధ్య వారధిగా ఉండాల్సినవారు దుభాషులు. దేశం మొత్తం మీద శిక్షణ పొంది, అర్హత పత్రం ఉన్న దుభాషుల సంఖ్య వందల్లోనే ఉంది. లక్షల మందికి వందల మంది. యంత్రం సాయం కోసం ఇంత ఆశగా ఎదురుచూడటానికి అసలు కారణం ఈ కొరతే. కాబట్టి ఈ టెక్నాలజీని తేలిగ్గా తీసిపారేయడం సరికాదు. అలాగని డెమో వీడియో చూసి నమ్మేయడమూ సరికాదు.

ముందు ఒక అపోహ తీరాలి

సైగల భాష అంటే తెలుగు మాటలను చేతులతో చూపించడం అని చాలామంది అనుకుంటారు. కాదు. భారతీయ సంజ్ఞా భాష దానికదే ఒక పూర్తి భాష. దానికి సొంత వ్యాకరణం ఉంది, సొంత పదజాలం ఉంది. హైదరాబాద్‌లోని బధిరుడు, దిల్లీలోని బధిరుడు చదివే లిపులు వేరైనా, పక్కపక్కన కూర్చుంటే సైగల్లో మాట్లాడుకోగలరు. ప్రాంతాన్ని బట్టి కొన్ని సైగలు మారినా వ్యాకరణం చాలావరకు ఒకటే.

ప్రపంచమంతా ఒకే సైగల భాష ఉంటుందన్నది ఇంకో అపోహ. అమెరికన్‌ సంజ్ఞా భాషలో ఇంగ్లిష్‌ అక్షరాలను ఒక చేత్తో చూపిస్తారు. మన దగ్గర రెండు చేతులు వాడతారు. అందుకే అమెరికాలో తయారైన యాప్‌ ఎంత గొప్పదైనా ఇక్కడి సైగలకు పనికిరాదు. 2025 మేలో గూగుల్‌ ‘సైన్‌జెమ్మా’ అనే ఏఐ మోడల్‌ను ప్రకటించినప్పుడు ఇక్కడా చాలా వార్తలు వచ్చాయి. అది ప్రధానంగా అమెరికన్‌ సైగలను ఇంగ్లిష్‌ వాక్యాలుగా మార్చేందుకు ఉద్దేశించినది.

మూడో విషయం అన్నిటికంటే ముఖ్యమైనది. సైగల భాష చేతుల్లో మాత్రమే ఉండదు. కనుబొమలు, కళ్లు, తల కదలిక, భుజాల వాలు, చేతులు కదిలే దిశ అన్నీ కలిస్తేనే వాక్యం. ‘మందు వేసుకున్నాను’ అనే సైగలనే కనుబొమలు పైకెత్తి, తల కాస్త ముందుకు వంచి చేస్తే అది ప్రశ్న అవుతుంది. చేతులు మారవు, ముఖం మారుతుంది. ‘ఇవ్వడం’ అనే సైగను నా వైపు నుంచి మీ వైపు కదిపితే ‘నేను మీకు ఇచ్చాను’. మీ వైపు నుంచి నా వైపు కదిపితే ‘మీరు నాకు ఇచ్చారు’. తెలుగులో కి, కు, ను లాంటి విభక్తులు చేసే పనిని అక్కడ దిశ చేస్తుంది. యంత్రం ఆ దిశను పట్టుకోలేకపోతే అప్పు ఇచ్చినవాడు అప్పు తీసుకున్నవాడైపోతాడు.

యంత్రం సైగను ఎలా చదువుతుంది?

దారులు రెండు. ఒకటి గ్లోవ్‌, రెండోది కెమెరా.

గ్లోవ్‌ పద్ధతిలో వేళ్ల మీద సెన్సర్లు ఉంటాయి. ఏ వేలు ఎంత వంగింది, చెయ్యి ఎటు తిరిగింది అన్నది కొలిచి, ముందే దాచిపెట్టిన నమూనాలతో పోల్చి మాట పలికిస్తాయి. 2016లో అమెరికాలోని వాషింగ్టన్‌ యూనివర్సిటీ విద్యార్థులిద్దరు ‘సైన్‌అలౌడ్‌’ పేరిట ఇలాంటి గ్లోవ్స్‌ చేసి 10 వేల డాలర్ల లెమెల్సన్‌-ఎంఐటీ విద్యార్థి బహుమతి గెలిచారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. బధిరులు, సంజ్ఞా భాష బోధకులు, భాషాశాస్త్రవేత్తలు మాత్రం మెచ్చుకోలేదు. వాళ్లు అడిగినది ఒకటే: ముఖాన్ని చూడలేని గ్లోవ్‌ మా భాషను ఎలా చదువుతుంది? ఎదుటివాడికి అర్థం కావడం కోసం రోజంతా తొడుగు వేసుకుని తిరగాల్సింది మేమేనా?

ఆ విమర్శ తర్వాత పరిశోధన కొంత ముందుకు వెళ్లింది. 2020లో కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్‌ఏంజెలెస్‌ పరిశోధకులు తయారుచేసిన గ్లోవ్‌తో పాటు కనుబొమల మధ్య, నోటి పక్కన అంటించుకునే సెన్సర్లను కూడా పరీక్షించారు. 660 సైగలను 98.63 శాతం కచ్చితత్వంతో గుర్తించినట్టు చెప్పారు. ఆ అంకెను మన నిఘంటువు పక్కన పెట్టి చూడండి. దిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 ఫిబ్రవరిలో విడుదల చేసిన మూడో కూర్పులో 10 వేల పదాలున్నాయి. 2018లో మొదటి కూర్పు వచ్చినప్పుడు 3 వేలే ఉండేవి.

రెండోది కెమెరా పద్ధతి. ఇప్పుడు ఎక్కువ పరిశోధన ఇటే నడుస్తోంది. అదనంగా ఏదీ తొడుక్కోనక్కర్లేదు, ఫోన్‌ ఉంటే చాలు. ఇందులో పని నాలుగు మెట్లలో జరుగుతుంది.

మొదట వీడియోలోంచి శరీరం మీద కీలకమైన బిందువులను గుర్తిస్తుంది. గూగుల్‌ ఉచితంగా ఇచ్చే ‘మీడియాపైప్‌’ ఒక్కో చేతికి 21 బిందువులు పెడుతుంది. ముఖానికి వందల్లో పెడుతుంది. రెండో మెట్టులో ఆ బిందువులు ఫ్రేము ఫ్రేముకూ ఎలా కదిలాయో చూసి అది ఏ సైగో అంచనా వేస్తుంది. మూడో మెట్టులో ఆ సైగల వరుసను తెలుగులోనో, ఇంగ్లిష్‌లోనో వాక్యంగా మారుస్తుంది. నాలుగో మెట్టులో ఆ వాక్యాన్ని పలుకుతుంది.

వీటిలో నాలుగోది ఇప్పటికే సాధ్యమైన పని. తెలుగు అక్షరాలను గొంతుగా మార్చే సాఫ్ట్‌వేర్లు మీ ఫోన్‌లోనే ఉన్నాయి. కేంద్రం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ వేదిక కూడా ఆ పని చేస్తోంది. మొదటి మెట్టు కూడా చాలావరకు దాటేశాం. అసలు చిక్కంతా రెండు, మూడు మెట్ల దగ్గరే.

వేరుగా పలికిన పదం వేరు, మాటల ప్రవాహం వేరు

డెమో వీడియోల్లో మీరు చూసేది ఎక్కువగా విడి సైగలు. ఒకటి చేస్తారు, ఆగుతారు, మరొకటి చేస్తారు. నిజంగా మాట్లాడేటప్పుడు ఎవరూ అలా ఆగరు. ఒక సైగ ముగిసే చోటే ఇంకోటి మొదలవుతుంది. మనం ‘ఎక్కడికి వెళ్తున్నావు’ను గబగబా అన్నప్పుడు ‘ఎక్కడికెళ్తన్నావ్‌’ అయినట్టే సైగలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎక్కడ ఒకటి తెగి ఇంకోటి మొదలైందో పట్టుకోవడమే యంత్రానికి కష్టం.

దీనికి మందు ఒకటే: బోలెడన్ని వీడియోలు, వాటి అర్థాలు జతగా చూపించి నేర్పించడం. అమెరికన్‌ సైగల కోసం 2023లో గూగుల్‌ పరిశోధకులు యూట్యూబ్‌ నుంచి దాదాపు వెయ్యి గంటల వీడియోను సేకరించారు. మన దగ్గర మద్రాస్‌ ఐఐటీకి చెందిన ‘ఏఐ4భారత్‌’ బృందం 2020లో ‘ఇన్‌క్లూడ్‌’ అనే వీడియో సంకలనం తెచ్చింది. అందులో ఉన్నవి 263 పదాలు, 4,287 వీడియోలు. చెన్నైలోని ఒక బధిరుల పాఠశాల విద్యార్థులు ఆ సైగలు చేశారు. తర్వాత కాన్పూర్‌ ఐఐటీ పరిశోధకులు 1.18 లక్షలకు పైగా వీడియో-వాక్యం జతలతో ‘ఐసైన్‌’ను సిద్ధం చేశారు. పని మొదలైందని చెప్పడానికి ఇవి మంచి గుర్తులు. ఆసుపత్రి కౌంటర్‌లో పెట్టేంత వరకు వచ్చిందా అంటే, ఇంకా లేదు.

85 శాతం అంటే ఎంత?

‘ఇన్‌క్లూడ్‌’ సంకలనంలోని 263 పదాల మీద ఆ బృందం సాధించిన కచ్చితత్వం 85.6 శాతం. పదాలను 50కి తగ్గించినప్పుడు అది 94.5 శాతానికి పెరిగింది. ఇక్కడే మీరు ఒక విషయం పట్టుకోవచ్చు. పదాలు తక్కువైతే మార్కులు పెరుగుతాయి. ‘మా యాప్‌ 99 శాతం కచ్చితం’ అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది ‘ఎన్ని పదాల్లో?’ అన్నదే.

ఇంకో లెక్క చూద్దాం. 85.6 శాతం వినడానికి బాగానే ఉంటుంది. ఫస్ట్‌క్లాస్‌ మార్కులే. అంటే ప్రతి ఏడు పదాల్లో ఒకటి తప్పు పోతున్నట్టు. ఒక వాక్యంలో ఆరు సైగలు ఉన్నాయనుకోండి. ఒక్కోటీ సరిగ్గా పడే అవకాశం 85.6 శాతమైతే, ఆరుకి ఆరూ సరిగ్గా పడే అవకాశం 39 శాతమే. అంటే పది వాక్యాల్లో ఆరింట ఏదో ఒక చోట తప్పు దొర్లుతుంది. ఇది సైగలను విడివిడిగా, ఆగి ఆగి చేసినప్పటి లెక్క. గబగబా మాట్లాడేటప్పుడు పరిస్థితి ఇంకా కష్టం.

మంచి వెలుతురు, ఖాళీ గోడ, కెమెరాకు ఎదురుగా కూర్చున్న విద్యార్థి. పరీక్షలు చాలావరకు ఇలాంటి వాతావరణంలో జరుగుతాయి. మండల ఆఫీసులో వెలుతురు అలా ఉండదు. వెనకాల జనం కదులుతుంటారు. ఒంటి మీద పైట జారుతుంది, చేతికి గాజులుంటాయి, ఒక చేతిలో బిడ్డో, సంచో ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లుంటారు. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి సరిగ్గా లేవని పెద్దవాళ్లుంటారు. పరీక్షలో ఎప్పుడూ కనిపించని ఇలాంటివాళ్లే ఆఫీసు మెట్లెక్కేది.

తెలుగులో పేరు రాయాల్సి వస్తే?

మనకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పేర్లు, ఊళ్లు చెప్పడానికి సైగల భాషలో అక్షరాలను వేళ్లతో ఒక్కొక్కటిగా చూపిస్తారు. మన దగ్గర ప్రధానంగా వాడేది ఇంగ్లిష్‌ అక్షరాలే. ఒకామె తన పేరును ‘ఆర్‌, ఏ, ఎం, ఏ’ అని చూపించిందనుకోండి. యంత్రం దాన్ని తెలుగులో ఎలా పలకాలి? రమ అనా, రామ అనా, రమా అనా? ‘పెద్దపల్లి’ లాంటి ఊరి పేరులో ఏ అక్షరం ఒత్తో, ఏది దీర్ఘమో ఇంగ్లిష్‌ అక్షరాల్లో తెలియదు. మామూలు సంభాషణలో ఇది నవ్వి ఊరుకునే తప్పు. పింఛను దరఖాస్తులోనో, పట్టాదారు పాసుపుస్తకంలోనో పడితే నెలల తరబడి తిరగాల్సిన తప్పు.

తప్పు పడితే నష్టం ఎవరికి?

మామూలుగా అనువాద యాప్‌ తప్పు చేస్తే మీకు తెలిసిపోతుంది. హిందీలో మీరన్నది తెలుగులో వింతగా వస్తే చెవిన పడుతుంది, సరిదిద్దుకుంటారు. ఇక్కడ అలా కుదరదు. యంత్రం తన తరఫున ఏం పలికిందో బధిరులు వినలేరు. ఎదుట కూర్చున్న అధికారికి సైగలు రావు. అంటే తప్పు జరిగిందని గుర్తించగలిగేవాళ్లు ఆ గదిలో ఒక్కరూ ఉండరు. ఈ టెక్నాలజీలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే.

ఆసుపత్రిలో ‘నొప్పి లేదు’లో ‘లేదు’ను వదిలేస్తే ‘నొప్పి’ మిగులుతుంది. పోలీస్‌ స్టేషన్‌లో ‘అతను నన్ను కొట్టాడు’లో దిశ తారుమారైతే ‘నేను అతన్ని కొట్టాను’ అవుతుంది. ఫిర్యాదుదారు నిందితుడవుతాడు.

అందుకే చట్టం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 125వ సెక్షన్‌ ప్రకారం మాట్లాడలేని సాక్షి రాతతోగానీ, సైగలతోగానీ కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చు. దాన్ని మౌఖిక సాక్ష్యంగానే పరిగణిస్తారు. అయితే దుభాషి లేదా ప్రత్యేక బోధకుల సాయం తీసుకోవాలి, ఆ వాంగ్మూలాన్ని వీడియో తీయాలి. సుప్రీంకోర్టు 2012లోనే ఒక కేసులో, సాక్షి చేసిన సైగలనూ దుభాషి చెప్పిన అర్థాన్నీ రెండింటినీ రికార్డు చేయాలని చెప్పింది. తప్పు పడితే ఎవరైనా వెనక్కి వెళ్లి చూసుకునేందుకు వీలుండాలన్నది అందులోని ఆలోచన. యాప్‌లను కూడా ఇదే కొలతతో చూడాలి. అది పలికిన మాట పక్కనే అసలు సైగల వీడియో భద్రంగా ఉందా? పలికే ముందు ఆ వాక్యాన్ని బధిరులకు తెర మీద చూపించి ‘ఇదేనా మీరన్నది?’ అని అడుగుతోందా?

మాట ఒకవైపే వెళ్తే అది సంభాషణ కాదు

మొదట్లో చెప్పిన తల్లి దగ్గరకు మళ్లీ వద్దాం. సైగను మాటగా మార్చే యాప్‌ నిజానికి తీర్చేది డాక్టర్‌ సమస్యను. ఆమె ఏమంటోందో ఆయనకు తెలియడం లేదు, యాప్‌ చెప్పింది. ఆయన ఏమంటున్నారో ఆమెకు తెలియాలంటే వేరే దారి కావాలి.

ఆ దారుల్లో తేలికైనది మాటను అక్షరాలుగా మార్చడం. మీ ఫోన్‌ కీబోర్డులో మైక్‌ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి కదా, అదే. చదవగలిగినవారికి ఇది ఈ రోజే పనికొచ్చే సాయం. అయితే ఒక మెలిక ఉంది. మనం తెలుగు రాత నేర్చుకునే ముందే తెలుగు మాట విని ఉంటాం. పుట్టుకతో వినపడని పిల్లలకు ఆ ఆసరా ఉండదు. వాళ్లకు తెలుగు రాత ఎప్పుడూ వినని పరాయి భాషను చదివినట్టే. సైగల భాషలో పాఠాలు చెప్పని బళ్లలో ఏళ్ల తరబడి కూర్చున్నా చదవడం అంతంతమాత్రంగానే వచ్చినవారు చాలామంది ఉన్నారు. ‘రాసి ఇచ్చాం కదా’ అని చేతులు దులుపుకోవడం వాళ్ల విషయంలో న్యాయం కాదు.

రెండో దారి, యానిమేషన్‌ బొమ్మతో సైగలు చేయించడం. రైల్వే ప్రకటనల్లాంటి ముందే తెలిసిన, మారని సమాచారానికి ఇది పనికొస్తుంది. ప్రపంచ బధిరుల సమాఖ్య, దుభాషుల ప్రపంచ సంఘం కలిసి 2018లో విడుదల చేసిన ప్రకటనలో ఇదే గీత గీశాయి: మార్పు లేని సమాచారానికి బొమ్మలు వాడుకోవచ్చు, మనుషులు ముఖాముఖి మాట్లాడుకునే చోట మనిషి దుభాషికి బదులుగా వాటిని పెట్టకూడదు.

యంత్రం సిద్ధమయ్యేదాకా ఆగాలా?

అక్కర్లేదు. దుభాషిని ప్రతి ఆఫీసులో కూర్చోబెట్టలేం. కానీ వీడియో కాల్‌లో తీసుకురావచ్చు. దీన్నే రిలే సేవ అంటారు. కౌంటర్‌ దగ్గరున్న బధిరులు ఫోన్‌లో దుభాషికి సైగ చేస్తారు. దుభాషి దాన్ని అధికారికి పలికి చెబుతారు, అధికారి మాటను తిరిగి సైగల్లోకి మారుస్తారు. రెండు వైపులా మాట వెళ్తుంది. అర్థం కాకపోతే మళ్లీ అడిగే మనిషి అక్కడ ఉంటారు. ఒకే దుభాషి పొద్దున నిజామాబాద్‌ ఆసుపత్రికి, మధ్యాహ్నం కర్నూలు బ్యాంకుకు పనికొస్తారు. సైగల భాష ఒకటే కాబట్టి రాష్ట్రం సరిహద్దు అడ్డు కాదు.

అమెరికాలో ఇలాంటి సేవ ఏళ్లుగా నడుస్తోంది. 1990 నాటి వైకల్యాల చట్టం రిలే సేవలకు పునాది వేసింది. దాని ఖర్చును టెలికం కంపెనీలు కట్టే నిధి నుంచి భరిస్తారు, వాడుకునే బధిరుల నుంచి వసూలు చేయరు. మన దగ్గరా 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవం సందర్భంగా వాట్సాప్‌ వీడియో కాల్‌తో నడిచే రిలే సేవను కేంద్రం ప్రారంభించింది. అదే నెలలో బధిర న్యాయవాది సారా సన్నీ దుభాషి సాయంతో సుప్రీంకోర్టులో ఆన్‌లైన్‌లో విచారణకు హాజరయ్యారు. వీడియోలో దుభాషి ఉంటే దేశ అత్యున్నత న్యాయస్థానంలోనే పని నడిచిందంటే మండల ఆఫీసులో నడవకపోవడానికి కారణం టెక్నాలజీ కాదు.

ఈ సేవ పెరగాలంటే దుభాషులు పెరగాలి. దుభాషులు పెరగాలంటే చదువు చెప్పే సంస్థలు, చదివాక ఉద్యోగాలు రెండూ ఉండాలి. వినికిడి వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థకు హైదరాబాదీ, ఉస్మానియా మాజీ వైస్‌చాన్సలర్‌ అలీ యావర్‌ జంగ్‌ పేరే ఉంది. 1983లో ముంబయిలో మొదలైన ఆ సంస్థకు సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పునాది మన ఊళ్లోనే ఉంది, దాని మీద కట్టాల్సింది మిగిలింది.

ఇక్కడ యంత్రాన్ని పక్కన పెట్టనక్కర్లేదు. ‘టోకెన్‌ నంబర్‌ ఎంత?’, ‘ఆధార్‌ తెచ్చారా?’, ‘రేపు రండి’ లాంటి పదీ ఇరవై వాక్యాలకు యాప్‌ చాలు. వైద్యం, సాక్ష్యం, సంతకం, డబ్బు ఉన్న చోట మాత్రం మనిషి ఉండాలి. తప్పు పడితే మళ్లీ అడిగి సరిచేసుకోగలిగే పనులు యంత్రానికి, సరిచేసుకోలేని పనులు మనిషికి. ఈ విభజన సరిగ్గా చేసుకుంటే ఉన్న కొద్దిమంది దుభాషుల సమయమూ మిగులుతుంది.

చట్టం ప్రకారం ఇది దయ కాదు, హక్కు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘సమాచార మార్పిడి’ అన్న మాట నిర్వచనంలోనే సంజ్ఞా భాషను చేర్చింది. 12వ సెక్షన్‌ ప్రకారం, వైకల్యం ఉన్నవారు తమకు నచ్చిన భాషలో, తమకు వీలైన పద్ధతిలో వాంగ్మూలం ఇచ్చేందుకు ఏర్పాట్లు ఉండాలి. 42వ సెక్షన్‌ ప్రకారం ఎలక్ట్రానిక్‌ మీడియాలో సంజ్ఞా భాష అనువాదం, తెర మీద అక్షరాలు అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చూడాలి. 2020 జాతీయ విద్యా విధానం దేశమంతటా భారతీయ సంజ్ఞా భాషను ప్రామాణికం చేసి, పాఠ్యసామగ్రి సిద్ధం చేయాలని చెప్పింది. 2024 డిసెంబరులో ఈ భాష కోసమే పీఎం ఈ-విద్యలో 31వ చానల్‌ మొదలైంది.

కాబట్టి ఒక ఆఫీసు యాప్‌ కొనేసి ‘మా బాధ్యత తీరింది’ అనలేదు. యాప్‌ పనిచేయని రోజున కూడా సేవ అందాల్సిందే.

మీ ఆఫీసులో యాప్‌ పెడుతున్నారా? ఈ ఐదు ప్రశ్నలు అడగండి

ఒకటి, ఎన్ని సైగలను గుర్తిస్తుంది? విడి పదాలనా, ఆగకుండా చేసే వాక్యాలనా?

రెండు, దీన్ని పరీక్షించింది ఎవరు? ఈ ప్రాంతపు బధిరులు, మహిళలు, పెద్దవాళ్లు అందులో ఉన్నారా? తయారీలో బధిరులకు జీతమిచ్చి పని కల్పించారా, లేక ఫొటోకు మాత్రమే పిలిచారా?

మూడు, పలికే ముందు ఆ వాక్యాన్ని బధిరులు చూసి సరిచేసుకునే వీలుందా?

నాలుగు, ఎదుటివారి మాట బధిరులకు ఎలా చేరుతుంది?

ఐదు, వీడియో ఎక్కడికి వెళ్తుంది? ఇది చిన్న విషయం కాదు. మీరు ఫోన్‌లో మాట్లాడితే గొంతు మాత్రమే వెళ్తుంది. సైగల భాషలో ముఖం లేకుండా మాట లేదు. అంటే తన రోగం గురించో, కేసు గురించో చెప్పే ప్రతి బధిరుడి మొహమూ ఆ వీడియోలో ఉంటుంది. అది ఫోన్‌లోనే ఉండి చెరిగిపోతుందా, కంపెనీ సర్వర్‌కు వెళ్తుందా అన్నది సేవ మొదలుకాకముందే తేలాలి. 2023 డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం స్ఫూర్తి కూడా అదే.

మీ ఎదుట బధిరులు ఉంటే

దీనికి ఏ యాప్‌ కోసమూ ఎదురుచూడక్కర్లేదు. వాళ్ల వైపు తిరిగి, ముఖం కనిపించేలా మాట్లాడండి. అరవకండి, అరిస్తే పెదాల కదలిక మారిపోతుంది తప్ప లాభం లేదు. పక్కనున్న బంధువునో, దుభాషినో చూస్తూ ‘ఈయన ఏమంటున్నాడు?’ అని అడగకండి, నేరుగా వాళ్లనే అడగండి. ఫోన్‌లో మైక్‌ నొక్కి చిన్న చిన్న వాక్యాలు చెప్పి తెర చూపించండి. అంకెలు, తేదీలు, డబ్బు లెక్కలు తప్పనిసరిగా రాసి చూపించండి. అర్థమైందా అని అడిగితే మొహమాటానికి తలూపేవాళ్లు వినేవాళ్లలోనూ ఉంటారు. కాబట్టి ఏం అర్థమైందో వాళ్లనే చెప్పమనండి.

పది సైగలు నేర్చుకోవాలనిపిస్తే సంజ్ఞా భాష పరిశోధన కేంద్రం 2022లో తెచ్చిన ‘సైన్‌ లెర్న్‌’ యాప్‌ ఉంది, 10 వేల పదాల నిఘంటువు అందులోనే ఉంది. అత్యవసరమైతే 112కు కాల్‌ చేయలేనివారు ‘112 ఇండియా’ యాప్‌లో బటన్‌ నొక్కి సాయం కోరవచ్చు. మీకు తెలిసిన బధిరుల ఫోన్‌లో అది ఉందో లేదో ఈ రోజే చూసి పెట్టండి.

గ్లోవ్‌ చేసిన ఆ విద్యార్థిని తక్కువ చేయాల్సిన పని లేదు. అతని ప్రయత్నం మంచిదే. కాకపోతే తర్వాతి ప్రదర్శనలో ఎదుట కూర్చునేది ప్రిన్సిపాల్‌ కాకుండా ఒక బధిర తల్లి కావాలి. డెమో అయ్యాక చప్పట్లు కొట్టే ముందు ఆమెను ఒక్క ప్రశ్న అడగాలి: ‘మేము చెప్పింది మీకు అందిందా?’ ఆమె అవునంటే అప్పుడు మేమూ ఆ హెడ్డింగ్‌ పెడతాం.